పల్నాటి వారసులు – రాష్ట్రపతి ఓటు

(విద్యార్థులు, ఉద్యోగుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



రాష్ట్రపతి ఎన్నిక మనకెందుకు, మనకు ఓటే లేదు కదా అని చాలామంది అంటరు. ఓటు లేని మాట నిజమే. కానీ ఆ ఓటు వేసేది ఎవరు? మనం గెలిపించిన ఎమ్మెల్యే, మనం గెలిపించిన ఎంపీ. 2022 ఎన్నికలో తెలంగాణ ఎమ్మెల్యే ఓటు విలువ 132, ఆంధ్రప్రదేశ్ ఎమ్మెల్యే ఓటు విలువ 159. లెక్కకు తీసుకున్నది 1971 నాటి జనాభా. సాగర్ కాడ కృష్ణ దాటితే మాచర్ల. నరసరావుపేట, మాచర్ల, గురజాల, సత్తెనపల్లి, చిలకలూరిపేట, వినుకొండ, పెదకూరపాడు – పల్నాడు జిల్లాలో ఏడు నియోజకవర్గాలు. ఏడుగురి ఓట్ల విలువ కలిపితే 1113. పార్లమెంటు సభ్యుని ఓటు విలువ 700. అంటే పల్నాటి ఏడుగురు ఎమ్మెల్యేలు ఒకటిన్నర మంది ఎంపీలతో సమానం.

రాష్ట్రపతి అంటే రబ్బరు స్టాంపే కదా అనేటోళ్లూ ఉన్నరు. ఆ స్టాంపు విలువ ఏమిటో మనకంటే బాగా ఎవరికి తెలుసు? రాజ్యాంగం మూడో అధికరణ ప్రకారం కొత్త రాష్ట్రం బిల్లు రాష్ట్రపతి సిఫార్సు లేనిదే పార్లమెంటులో పెట్టరాదు. 2014 జనవరి 30న ఉమ్మడి రాష్ట్ర శాసనసభ విభజన బిల్లును మూజువాణి ఓటుతో తిరస్కరించింది. అయినా బిల్లు పార్లమెంటుకు పోయింది, పాసయింది, మార్చి 1న రాష్ట్రపతి ప్రణబ్ ముఖర్జీ ఆమోదముద్ర వేశాడు. ఉద్యోగుల సంగతి చూడండి. 371-డి అధికరణ కింద 1975లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వులు అమలు కాకపోవడం వల్లనే 1985లో జీవో 610 ఇవ్వవలసి వచ్చింది. ఆ జీవో కూడా అమలు కాలేదనే మనం రోడ్డెక్కినం. 2018లో కొత్త ఉత్తర్వులు వచ్చి స్థానికులకు 95 శాతం కోటా దక్కింది. 2025లో మన శాసనసభ పాస్ చేసిన 42 శాతం బీసీ రిజర్వేషన్ బిల్లులు కూడా ఆ గడపకే పోయినయి. కాబట్టి ఆ కుర్చీలో ఎవరు కూర్చుంటరన్నది మన ముచ్చటే.

ఇప్పుడు వారసత్వాల సంగతికి వద్దాం. దీనికి పల్నాడును మించిన బడి లేదు. పన్నెండో శతాబ్దపు పల్నాటి యుద్ధం అసలు ఏమిటి? అనుగురాజు కొడుకుల మధ్య వారసత్వపు తగాదా. గురజాలలో నలగామరాజు, మాచర్లలో మలిదేవుడు. కోడిపందెం ఒక సాకు మాత్రమే. అన్నదమ్ముల రాజ్యం కోసం కారంపూడి నేల మీద ప్రాణాలు పోగొట్టుకున్నది మాత్రం మామూలు జనం. చాపకూడు పెట్టి కులాలను ఒక్క పంక్తిలో కూర్చోబెట్టిన బ్రహ్మనాయుడి కథ కూడా అక్కడిదే. అంటే ఆ గడ్డ మీద రెండు దారులూ ఉన్నయి. తర్వాతి కాలంలో గెలిచింది ఏ దారో చూద్దాం.

నరసరావుపేట కాసు కుటుంబం తీసుకోండి. కాసు బ్రహ్మానందరెడ్డి 1964 నుంచి 1971 దాకా ముఖ్యమంత్రి, తర్వాత కేంద్ర హోంమంత్రి, కాంగ్రెస్ అధ్యక్షుడు, మహారాష్ట్ర గవర్నర్. ఆ కుటుంబం నుంచే కాసు వెంకట కృష్ణారెడ్డి ఎంపీ, ఎమ్మెల్యే, మంత్రి అయ్యాడు. మళ్లీ ఆ ఇంటి నుంచే కాసు మహేష్‌రెడ్డి 2019లో గురజాల ఎమ్మెల్యే అయ్యాడు, 2024లో ఓడిపోయాడు. మాచర్లలో 2004లో పిన్నెల్లి లక్ష్మారెడ్డి గెలిస్తే, 2009 నుంచి 2019 దాకా అదే కుటుంబంలోని రామకృష్ణారెడ్డి వరుసగా గెలిచాడు. 2024లో ఆయనను ఓడించింది ఎవరు? జూలకంటి బ్రహ్మారెడ్డి. ఆయన తల్లి దుర్గాంబ 1999లో అక్కడి ఎమ్మెల్యే. జెండాలు మారినయి, ఇంటిపేర్లు మాత్రం ఆ రెండు మూడే. అదే 2024 మే నెల పోలింగ్ రోజున మాచర్ల నియోజకవర్గంలో ఈవీఎంను నేలకేసి కొట్టిన దృశ్యం దేశమంతా చూసింది. గుర్తుపెట్టుకోండి, రాష్ట్రపతి భవన్ దాకా పోయే 159 విలువ గల ఓటు పుట్టేది అటువంటి పోలింగ్ బూత్‌లలోనే.

పల్నాటి ప్రజలను తప్పుపట్టడం మా ఉద్దేశం కాదు. పుల్లరికి ఎదురు తిరిగి 1922లో ప్రాణమిచ్చిన కన్నెగంటి హనుమంతు కూడా పల్నాటి బిడ్డే. ముఖ్యమంత్రిని ఇచ్చినా పల్నాడు వెనుకబాటు పోలేదు. సాగర్ పక్కనే ఉన్నా మెట్ట పొలాలు వానకే ఎదురుచూసినయి. వారసత్వం కుటుంబాన్ని బాగు చేస్తది గానీ ప్రాంతాన్ని బాగు చేయదు అనడానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి? ఊర్లో ముఠాలు ఉన్నప్పుడు పేదోడు రక్షణ కోసం ఏదో ఒక పెద్ద ఇంటి నీడకు చేరుతడు. పోలీస్ స్టేషన్‌లో మాట చెల్లాలన్నా, కాలువ కాంట్రాక్టు కావాలన్నా ఆ ఇంటికే పోవాలె. ఆ నీడే ఓటుగా మారుతది, ఆ ఓటే వారసునికి ఆస్తిగా పోతది.

1969 సంగతి మనకు నెత్తుటి జ్ఞాపకం. అప్పుడు ముఖ్యమంత్రి ఆ బ్రహ్మానందరెడ్డే. 369 మంది అమరులయ్యారని ఉద్యమం లెక్క. ముందస్తు నిర్బంధ చట్టం కింద నాయకులను జైళ్లలో పెట్టారు. సరిగ్గా ఆ ఏడాదే మే 3న రాష్ట్రపతి జాకీర్ హుస్సేన్ చనిపోయాడు, ఎన్నిక వచ్చింది. కాంగ్రెస్ అభ్యర్థి నీలం సంజీవరెడ్డి. ఇందిరాగాంధీ మద్దతుతో ఇండిపెండెంట్‌గా నిలబడింది వి.వి.గిరి. ఇద్దరూ తెలుగువాళ్లే. మన తెలుగువాడే రాష్ట్రపతి అవుతాడని మురిసిన వాళ్లున్నరు. మరి తెలంగాణ ఏ తూకంతో తూయాలె? 1956 ఫిబ్రవరి 20న పెద్దమనుషుల ఒప్పందం మీద సంతకం చేసినవాళ్లలో సంజీవరెడ్డి ఒకడు. ముఖ్యమంత్రి ఒక ప్రాంతం వాడైతే ఉపముఖ్యమంత్రి రెండో ప్రాంతం వాడు కావాలన్నది ఒప్పందం. అదే ఏడాది నవంబరులో తానే ముఖ్యమంత్రి అయ్యాక ఆ పదవే ఇవ్వలేదు. సంతకం ఆరిపోకముందే మాట తప్పినవాడు రాజ్యాంగాన్ని కాపాడతానని ప్రమాణం చేస్తానంటే నమ్మడమెట్ల?

ఆనాడు దేశమంతా ‘అంతరాత్మ ప్రబోధం’ అనే మాట మోగింది. ఆగస్టు 16న ఓటింగ్ జరిగింది. మొదటి ప్రాధాన్య ఓట్లతో తేలలేదు. రెండో ప్రాధాన్య ఓట్లు కలిపితే గిరికి 4,20,077, సంజీవరెడ్డికి 4,05,427. అంత తక్కువ తేడా. దేశం అంతరాత్మ గురించి మాట్లాడుతుంటే కాల్పుల్లో పిల్లలను పోగొట్టుకున్న తల్లుల మాట ఎవరి అంతరాత్మకూ గుర్తు రాలేదు. రెండు గుంపుల కొట్లాటలో తెలంగాణ ఎజెండా కానే కాలేదు. ఎందుకంటే ‘మాకేం చేస్తవు’ అని అభ్యర్థిని అడిగే శక్తి మన ఎమ్మెల్యేలకు లేకపోయింది. 1971లో ప్రజాసమితి 14లో 10 ఎంపీ సీట్లు గెలిచి కూడా అదే ఏడాది కాంగ్రెస్‌లో కలిసిపోయింది. సంజీవరెడ్డి 1977లో పోటీ లేకుండానే రాష్ట్రపతి అయ్యాడు.

ఇక మన ఇంటి సంగతి కూడా చెప్పుకోవాలె. 2017లో ఇద్దరు అభ్యర్థులు – రామ్‌నాథ్ కోవింద్, మీరా కుమార్. మీరా కుమార్ జగ్జీవన్ రామ్ కూతురు, వారసురాలే. కానీ 2014 ఫిబ్రవరి 18న లోక్‌సభలో పెప్పర్ స్ప్రే దాడి తర్వాత కూడా వెనక్కి తగ్గకుండా తెలంగాణ బిల్లును స్పీకర్ కుర్చీలో కూర్చుని పాస్ చేయించింది ఆమే. తెలంగాణ పేరుతో గెలిచిన పార్టీ ఆమెకు ఓటేసిందా? లేదు, కోవింద్‌కు మద్దతిచ్చింది. 2022లో అదే పార్టీ యశ్వంత్ సిన్హాకు మద్దతిచ్చింది. ఆయన కొడుకు జయంత్ సిన్హా అప్పుడు ఎదుటి పార్టీ ఎంపీ. గెలిచిన ద్రౌపది ముర్ము మాత్రం ఏ పెద్ద ఇంటి వారసురాలూ కాదు, 1997లో రాయ్‌రంగ్‌పూర్ కౌన్సిలర్‌గా మొదలుపెట్టింది. ఈ రెండుసార్లూ ఏ తూకంతో నిర్ణయించారో కార్యకర్తలను గానీ, జేఏసీలను గానీ అడిగినవాళ్లు లేరు. నిర్ణయం ఒక కుటుంబం గదిలో జరిగింది. కాసు ఇంటిని, నందమూరి, నారా, వైఎస్ ఇళ్లను వేలెత్తి చూపిన మనం, మన ఉద్యమం కూడా ఒక ఇంటి పేరుగా మారుతుంటే చూస్తూ ఊరుకోవడం న్యాయమా?

కాబట్టి మిత్రులారా, మా మాట ఇది. వారసుడైనంత మాత్రాన పనికిరాడని కాదు, వారసుడు కానంత మాత్రాన మంచోడని కూడా కాదు. మూడు ప్రశ్నలు అడగండి. ఒకటి, ఇంటిపేరు తీసేస్తే ఆ మనిషి సొంతంగా చేసింది ఏమిటి? రెండు, అధికారం చేతికొచ్చిన రోజు ఇచ్చిన మాట మీద నిలబడ్డడా? మూడు, ఆ కుర్చీ ఎక్కడానికి ఎవరికి బాకీ పడ్డడు? మీరా కుమార్ రెండో ప్రశ్నకు నిలబడుతది. సంజీవరెడ్డి అదే ప్రశ్న దగ్గర పడిపోతడు.

ద్రౌపది ముర్ము పదవీకాలం 2027 జూలై దాకా. రాష్ట్రపతి ఎన్నికకు విప్ వర్తించదు, బ్యాలెట్ రహస్యం. అంటే పార్టీ బలవంతం చేసిందని మీ ఎమ్మెల్యే చెప్తే నమ్మకండి. విద్యార్థులు క్యాంపస్‌లో, ఉద్యోగులు ఆఫీసులో మీ ఎమ్మెల్యేను ముందే నిలదీయండి: ఎవరికి వేస్తవు, ఎందుకు వేస్తవు, మా లోకల్ కోటా గురించి, మా బిల్లుల గురించి ఆ అభ్యర్థి ఏమన్నడు? 42 రోజులు సకల జనుల సమ్మె చేసిన చేతులకు ఆ ప్రశ్న అడగడం కష్టం కాదు. 132 ఓటు ఎమ్మెల్యే సొత్తు కాదు, మనం అప్పగించిన సొత్తు. లెక్క అడుగుదాం.

జై తెలంగాణ!