తాళంచెవి కూడా అమానతే



2025 మార్చితో ముగిసిన ఏడాదిలో ఇంగ్లాండు, వేల్స్‌లలో 262 మంది ఖైదీలు పొరపాటున విడుదలయ్యారు. అంతకు ముందటి ఏడాది ఆ సంఖ్య 115. అదే 2025 అక్టోబరులో, దేశం నుండి పంపివేయవలసిన ఒక లైంగిక నేరస్థుణ్ణి చెమ్స్‌ఫర్డ్ జైలు వీధిలోకి వదిలింది. రెండు రోజులకు గాని అతడు పట్టుబడలేదు. ఆ రెండు రాత్రులు బాధితురాలి ఇంట ఎలా గడిచాయో మనం యోచించాలి.

ఒక జైలు అధికారిని విధుల నుండి తప్పించారు. లెక్క అంతటితో తీరునా? పాలకుడు కాపరి అనీ, తన ప్రజల గురించి అతడే జవాబుదారి అనీ దైవప్రవక్త (సఅసం) బోధించారు. కిక్కిరిసిన జైళ్లను, చిక్కుపడిన శిక్షల లెక్కలను చక్కదిద్దటం ప్రభుత్వానికి అప్పగించబడిన అమానత్. వదలరానివాణ్ణి వదలటం అన్యాయం. గడువు తీరినవాణ్ణి బంధించి ఉంచటమూ అన్యాయమే.

మన చేతిలోని చిన్న తాళంచెవికి సయితం ప్రళయదినాన లెక్క ఉంది. అల్లాహ్ మనకు, మన పాలకులకు న్యాయబుద్ధిని ప్రసాదించుగాక! ఆమీన్.