వాలే కొయ్య

చిన్న తెరచాప పడవల రకాలన్నింటినీ పరిచయం చేయమన్న రేడియో నిర్వాహకుల కోరికమీద ఈ ప్రసంగం సిద్ధమైంది. లంగరు అంటే ఏమిటో, చుక్కాని ఏం చేస్తుందో తెలుగు శ్రోతలకు విడమరచి చెప్పనక్కరలేదు. గాలి కలిసొస్తే తెరచాపతోనూ, లేకపోతే గట్టుమీద మనుషులు తాడు పట్టి లాగగానూ సాగిన గోదావరి, కృష్ణా డెల్టా కాలువల పడవల జ్ఞాపకం ఇంకా పూర్తిగా చెరిగిపోలేదు. అయితే పడవను ఇంటి పెరట్లో ఉంచుకొని, సెలవు దొరికినప్పుడు కారు వెనుక ట్రైలర్‌కు తగిలించి నీటి ఒడ్డుకు తీసుకుపోయి, అందులోనే వండుకొంటూ నిద్రిస్తూ కొన్ని రోజులపాటు తీరం వెంట తిరిగి రావడమనే వ్యాసంగం మాత్రం ఇక్కడ అంతగా పరిచితం కాదు. దానికి మంచి ఉదాహరణ ఇంగ్లండుకు చెందిన వేఫేరర్ పడవ. ఆ పేరుకు బాటసారి అని అర్థం.

ఇయాన్ ప్రాక్టర్ 1957లో రూపొందించిన ఈ పడవ పొడవు 15 అడుగుల 10 అంగుళాలు, వెడల్పు ఆరడుగులకు కాస్త ఎక్కువ. మొదట్లో ప్లైవుడ్‌తోనూ తరువాత ఫైబర్‌గ్లాస్‌తోనూ తయారైన దీని డొల్ల బరువు సుమారు 170 కిలోలు కాబట్టి, మామూలు కారు కూడా దీన్ని అవలీలగా లాగుతుంది. పడవ నడుమ ఉన్న సన్నని పెట్టెలోంచి నీటిలోకి దిగి, పక్కగాలికి పడవ జారిపోకుండా ఆపే పలకను సెంటర్‌బోర్డు అంటారు. దాన్ని పైకి లాగితే అడుగు లోతు కూడా లేని నీటిలో పడవ తేలుతుంది. కనుక పెద్ద నావలు దరిచేరలేని ఇసుక తిన్నెమీద సైతం రాత్రికి ఆగవచ్చు. ఆ పెట్టెకు చెరోవైపున ఒక్కొక్కరు చొప్పున, పైన గుడారం కప్పుకొని ఇద్దరు పడుకోగలరు.

ఈ పడవలో అన్నింటికన్నా వివరంగా చెప్పుకోదగ్గది ట్యాబర్‌నకిల్ అనే చిన్న అమరిక. తెరచాప కొయ్య మొదలును రెండు నిలువు చెక్కల మధ్య నిలిపి, అడ్డంగా ఒక బోల్టు దూర్చి, తలుపు బందుమీద తిరిగినట్టు కొయ్య ఆ బోల్టుమీద తిరిగేలా చేయడమే దీని కిటుకు. పడవ ముక్కు దగ్గర కొయ్యను పట్టి ఉంచే తాడును మెల్లగా వదిలితే కొయ్య వెనక్కి వాలి, పడవ వెనుక చివరనున్న పంగలకర్రమీద ఆనుతుంది. ఇంగ్లండులోని నార్ఫోక్ ప్రాంతపు నదుల్లో సరుకులు మోసిన వెర్రీలనే పాతకాలపు పడవలు కూడా వంతెనల కింద ఇలాగే కొయ్య వాల్చి దాటేవి. కొయ్య అడుగున సీసపు బరువు ఉండటంవల్ల అంత పెద్ద దూలాన్నీ ఒకరిద్దరే సునాయాసంగా దించి మళ్లీ ఎత్తగలిగేవారు. ఆ నావల్లో నేటికి మిగిలినవి కొన్నే. 1898లో కట్టిన అల్బియన్ వాటిలో ఒకటి.

ఆ నార్ఫోక్‌లోనే నివసించిన ఫ్రాంక్ డై, దేశదిమ్మరి అనే అర్థం వచ్చే వాండరర్ పేరుగల తన వేఫేరర్‌లో, ఒక్క సహచరుణ్ని వెంటబెట్టుకొని 1963లో స్కాట్లాండు నుంచి ఐస్‌లాండుకు సుమారు 650 మైళ్లు ప్రయాణించాడు. 1964లో నార్వేకు పోతూ పెనుగాలిలో చిక్కుకొని, పడవ నాలుగుసార్లు బోల్తాపడి కొయ్య విరిగినా, గమ్యం చేరగలిగాడు. గాలి మితిమీరినప్పుడు కొయ్యను దించివేసి, సీ యాంకర్ అనే గరాటు ఆకారపు గుడ్డసంచిని ముక్కునుంచి నీటిలోకి వదిలి, పడవను అలలకు ఎదురుగా నిలపడం అతని పద్ధతి. నిలబెట్టిన కొయ్య, తెరచాప లేకపోయినా, గాలికి పట్టునిస్తుంది. దించిన కొయ్యకు ఆ బెడద తక్కువ.

కొయ్య దించడానికి ఎంత ఓర్పు కావాలో, ఎత్తడానికీ అంతే కావాలన్న సంగతి ఈ ప్రసంగకర్తకు ఒక జలాశయం ఒడ్డున అరువు పడవ నేర్పింది. ముందుతాడును పట్టే పిన్నుకు చిన్న చీలురింగు తొడగడం మరచిపోగా, పిన్ను జారి, కొయ్య ఫెళ్లున వెనక్కి కూలి, ట్రైలర్ దీపం పగిలింది. చేతిలో టీగ్లాసుతో అంతా చూస్తున్న కాపలాదారు, తాళం కప్పకు చెవి ఎంతో కొయ్యకు ఆ రింగు అంత అని ఒక్క మాటలో తేల్చేశాడు.

పడవను మెరుగుపరచడమంటే కొత్త సామాను బిగించడమేనని ఇప్పటి యజమానులు కొందరు అనుకొంటున్నారు. మోటారు, బ్యాటరీ, తెర ఉన్న ఎలక్ట్రానిక్ పరికరాలు ఒక్కొక్కటిగా చేరి, సులువుగా ఒడ్డుకు లాగదగిన పడవ నలుగురు పట్టినా కదలని స్థితికి వస్తుంది. పందేలమీదే ధ్యాస ఉన్నవారు మాత్రం బరువు తగ్గుతుందని ఆ ట్యాబర్‌నకిల్‌నే తీసివేస్తారు. అవసరమైనది వదిలి అక్కరలేనిది మోసే ఈ తీరు మెచ్చదగినది కాదు. దించవలసినదాన్ని సులువుగా దించేలా చేసే మార్పే చిన్న పడవకు అసలైన మెరుగు. బూమ్ అనే అడ్డకర్రను గుండ్రంగా తిప్పి తెరచాపను దానికి చుట్టే పాత పద్ధతిని మార్చి, తాళ్లతో కిందిభాగాన్ని మడిచి కట్టే ఏర్పాటు చేసుకొంటే, తెరచాప ఆకృతి చెడకుండా గాలికి తగినంత కురచవుతుంది. ముందుతాడుకు ఒక కప్పీ జత చేస్తే కొయ్యను ఒక్కరే దించగలరు. రెండింటికీ అయ్యే ఖర్చు మోటారు ధరతో పోలిస్తే స్వల్పం.

తక్కిన పడవల రకాలకు వ్యవధి చాలదు కానీ, ట్రైలర్ గురించి ఒక్క విషయం చెప్పవలసి ఉంది. దారిలో చక్రాల బేరింగులు వేడెక్కి ఉంటాయి. వాటిని అదే వేడిమీద ఉప్పునీటిలో ముంచితే లోపలికి నీరు చేరి తుప్పు పడుతుంది. అందుకే వివేకవంతులు పడవను నీటిలోకి దింపడానికి వేరే చిన్న తోపుడుబండి వాడి, ట్రైలర్‌ను పొడినేలమీదే ఉంచుతారు. వాండరర్ ఇప్పుడు కార్న్‌వాల్‌లోని ఫాల్మౌత్ సముద్ర సంగ్రహాలయంలో ఉంది. దానికి తోపుడుబండి అవసరం తీరిపోయింది.