బహుమానమందిన గ్రంథములు
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ఉపన్యాసము)



కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానమందిన తెలుగు గ్రంథములను 1955 మొదలు వరుసగా చదువవలెనని యేబదియవ యేట పూనితిని. పద్దులు వ్రాయువానికి వరుసపై మక్కువ మెండు గదా!

మొదటిది సురవరము ప్రతాపరెడ్డిగారి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'. రాజుల యుద్ధములను ప్రక్కకు నెట్టి, మన పూర్వులు ఏమి తినిరి, ఏమి కట్టిరి, ఏ యాటలాడిరి అను సంగతులను ప్రాచీన కావ్యములనుండి ఏరి కూర్చిన గ్రంథమది. పద్యముల సొగసునకై నేను చదివిన కావ్యములలో ఇంత లోకవ్యవహారమున్నదని దానివలననే తెలిసికొంటిని. వారు 1953లోనే దివంగతులైరి. ఆ గౌరవమును చూడలేదు. 1963లో బహుమానమందిన గోపీచందుగారి సంగతియు నంతియే.

మరుసటి యేడు జాషువగారి 'క్రీస్తు చరిత్ర'కు వచ్చినది. నామట్టుకు 'గబ్బిలము'నే ముందుంచెదను. 1993లో మన ఉమ్మడి చిత్తూరు జిల్లావారైన మధురాంతకము రాజారాముగారి కథలకు వచ్చినది. వానికై నిఘంటువు తెరువ బనిలేదు; అందలి మనుష్యులు మనమెరిగినవారే.

వరుసలోని పెక్కు గ్రంథములు మన బీరువాలో లేవు. అందుచేత దొరికినదానిని దొరికినట్లు చదువుచున్నాను. కన్నులు సాగినంతలో ముగింపవలెనని నా తొందర. మీ యిండ్ల పాత పెట్టెలలో అట్టివి యుండినచో గ్రంథపాలకునకు తెలుపుడు. తిరిగి ఒప్పగించు పూచీ నాది.