తొమ్మిదిమంది వద్ద ఆగిపోయే తరగతి



రాష్ట్రేతర తెలుగు తల్లిదండ్రులకు అమ్మనుడిపై మమకారం నశించిందనీ, అందుకే పిల్లలను తెలుగు తరగతిలో చేర్చడం లేదనీ మన సభలలో తరచుగా వింటున్నాం. ఈ నిందతో నేను ఏకీభవించను. నా లాభనష్టాలు ఎదుటివారి నిర్ణయంపై ఆధారపడినప్పుడు నేనేం చేస్తానన్న ప్రశ్నను గేమ్ థియరీ విచారిస్తుంది. ఆ వెలుగులో చూద్దాం.

తరగతిలో 10 మంది, లేదా బడి మొత్తంలో 40 మంది పిల్లలుంటే వారి మాతృభాషలో బోధించే ఉపాధ్యాయుణ్ణి నియమించాలని 1949లో విద్యామంత్రుల సమావేశం నిర్ణయించింది. 1956లో రాజ్యాంగంలో 350ఎ అధికరణం చేరింది. ఇక ఒక ఊరిలో పన్నెండు కుటుంబాలు తెలుగు తరగతిని కోరుకుంటున్నాయనుకోండి. పదిమంది చేరితే తరగతి వస్తుంది. తొమ్మిదిమందే చేరితే ఆ తొమ్మిదిమందీ నడిసంద్రంలో ఉంటారు. జూన్ దాటాక వేరే బడిలో చోటు వెతుక్కోవాలి. కనుక ప్రతి ఇల్లూ పక్కింటి వైపు చూస్తుంది. ఎవరూ కదలరు. అధికారి ‘డిమాండు లేదు’ అని రాసి ఫైలు మూసివేస్తాడు. (ఇంగ్లీషే కావాలనుకునేవారు లేరని నేననడం లేదు. వారి లెక్క వేరు.)

దీనిని విడివిడిగా విచారించే ఇద్దరు నిందితుల కథతో కలపరాదు. అక్కడ ఎదుటివాడు నోరు విప్పినా విప్పకపోయినా, తాను నేరం ఒప్పుకోవడమే ప్రతివాడికీ లాభం. శిక్షాభయం లేనిదే అక్కడ మాట నిలవదు. మనది 1755లో రూసో చెప్పిన దుప్పి వేట. అందరూ కాపు కాస్తే దుప్పి దొరుకుతుంది. ఒకడు కుందేలు వెంట పరుగెత్తినా మిగిలినవారి చేతికి ఏమీ రాదు. ఇక్కడ కావలసింది శిక్ష కాదు, భరోసా.

నిర్బంధపు దారి ఎలాగూ మూసుకుపోయింది. ప్రాథమిక విద్యలో మాతృభాషా మాధ్యమాన్ని ప్రభుత్వం రుద్దరాదని కర్ణాటక వ్యాజ్యంలో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2014లో తీర్పు చెప్పింది. భరోసా దారి మాత్రం భాషా అల్పసంఖ్యాకుల రక్షణల జాబితాలోనే ఉన్నది: అది ముందస్తు నమోదు. మనం దానిని కేవలం గుమాస్తా పనిగా చూశాం. నిజానికి ఆట స్వరూపాన్నే మార్చే నియమమది. ‘పదిమంది పూర్తయితేనే ఈ దరఖాస్తు చెల్లును’ అన్న ఒక్క వాక్యం చేర్చండి. ముందుగా సంతకం చేసినవారికి నష్టభయం ఉండదు. చేరినవారి సంఖ్యను బడి గోడపై వారం వారం రాయించండి. ఏడు కనబడితే ఎనిమిదవవారు ధైర్యంగా వస్తారు.

ఆ దరఖాస్తు నమూనా ద్వారం పక్కన బల్లపై ఉంచాము. తలా రెండు ప్రతులు తీసుకోండి, ఒకటి పక్కింటివారికి.