మందస అడవి నుంచి రాజ్యాంగం దాకా



అధ్యక్షస్థానంలో కూర్చున్నవారికి మన సభల్లో ఒక వెసులుబాటు ఉంది. ముందు మాట్లాడినవాళ్లను మెచ్చుకుని, పొద్దుపోయిందని గుర్తుచేసి, నాలుగు మాటలతో ముగించినా ఎవరూ తప్పుపట్టరు. నిజం చెప్పాలంటే సంతోషిస్తారు. ఈ రోజు నేను ఆ వెసులుబాటు వాడుకోవడం లేదు. చట్టం ఒక జనాన్ని ఎలా తయారుచేస్తుందో మాట్లాడమన్నారు, అమెరికాను ఉదాహరణగా తీసుకోమన్నారు. పలాసలో అమెరికా గొడవ ఎందుకని ఒకరిద్దరు అడిగారు కూడా. జీడిపప్పు వ్యాపారం సంగతి పక్కన పెట్టినా, కారణం ఉంది.

1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో అంబేడ్కర్ ఒక కథ చెప్పారు. పంతొమ్మిదో శతాబ్దంలో అమెరికాలోని ఒక ప్రొటెస్టెంటు చర్చి తన ప్రార్థన పుస్తకాన్ని సవరించుకుంటోంది. దేశ ప్రజలందరి కోసం చిన్న ప్రార్థన ఒకటి చేర్చాలనుకున్నారు. మా జాతిని దీవించమని దేవుణ్ని అడుగుదామని ఒకరు సూచించారు. తెల్లారేసరికి అభ్యంతరాలు లేచాయి. మనమంతా ఒక జాతి అని అంత గట్టిగా ఒప్పేసుకుంటే ఎలా అన్నారు. చివరికి ఈ సంయుక్త రాష్ట్రాలను దీవించమని మార్చుకున్నారు. అమెరికన్లకే తాము ఒక జాతి అన్న ఊహ అంత కష్టంగా వస్తే, వేల కులాలుగా చీలిన మనం అప్పుడే జాతి అయిపోయామనుకోవడం భ్రమ అన్నది అంబేడ్కర్ హెచ్చరిక.

ఆ దేశానికి ఒకే పూర్వీకులు లేరు, ఒకే మతం లేదు. ఉన్నది ఒక పత్రం. 1787లో ఫిలడెల్ఫియాలో రాసిన నాలుగు తోలు కాగితాలు. వాటిని ఇప్పటికీ వాషింగ్టన్‌లో అద్దాల వెనక పెట్టి చూపిస్తారు, మనం గుళ్లో ఉత్సవమూర్తిని చూపించినట్టు. అయితే ఆ పత్రంలో ఏముంది? ప్రజల పేరు మీద మొదలై, ప్రాతినిధ్యం లెక్కకు వచ్చేసరికి ఐదుగురు బానిసలను ముగ్గురిగా కట్టింది. 1790 నాటి చట్టం, బయటి నుంచి వచ్చినవాళ్లలో స్వేచ్ఛగల తెల్లవాళ్లకే పౌరసత్వం అంది. 1857లో డ్రెడ్ స్కాట్ అనే నల్లజాతి మనిషి నేను స్వతంత్రుణ్ని అని దావా వేస్తే, నువ్వు పౌరుడివే కాదు, కోర్టుకెక్కే అర్హతే నీకు లేదని సుప్రీంకోర్టు కొట్టేసింది.

ఇక్కడే నాకు అమెరికా మీద ఆసక్తి మొదలవుతుంది. బానిసత్వాన్ని వ్యతిరేకించినవాళ్లలో రెండు దారులున్నాయి. ఆ ఉద్యమ నాయకుడు గారిసన్ 1854 జులై 4న నిండు సభలో రాజ్యాంగం ప్రతిని తగలబెట్టాడు. బానిసగా పుట్టి పారిపోయి వచ్చిన ఫ్రెడరిక్ డగ్లస్ మొదట్లో గారిసన్ శిష్యుడే. తర్వాత దారి మార్చుకున్నాడు. ఆ పత్రాన్ని యజమానులకు వదిలెయ్యడం దేనికి, అది మాదే, అందులో రాసినదంతా మాకూ వర్తిస్తుందని పట్టుబట్టాడు. అంతర్యుద్ధం ముగిశాక, 1868లో పద్నాలుగో సవరణ వచ్చింది. ఆ నేల మీద పుట్టి, ఆ దేశ చట్టానికి లోబడినవాడు ఆ దేశ పౌరుడే అంది. సవరణ రాగానే అన్యాయం పోలేదు, నల్లవాళ్లకు వేరు బడులు 1954 దాకా చట్టబద్ధంగానే నడిచాయి. అయినా అమెరికన్లను అమెరికన్లుగా చేసింది ఆ పత్రాన్ని రాసినవాళ్లకన్నా, అందులో చోటు దక్కనివాళ్లు దాన్ని తమదని లాక్కున్న తీరేనని నా అభిప్రాయం. ఈ రోజు నేను చెప్పదలుచుకున్నది ఇంతే. మిగతాదంతా రుజువులు.

మనవాళ్లకు సంబంధించిన రుజువు ఒకటి. పంజాబులో పుట్టిన భగత్ సింగ్ థిండ్ మొదటి ప్రపంచయుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేశాడు. పౌరసత్వం అడిగితే 1923లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది: శాస్త్రవేత్తలు ఏ వర్గంలో చేర్చినా, మామూలు మనిషి నిన్ను తెల్లవాడనుకోడు కనక నీకు లేదు. అప్పటికే పౌరసత్వం పొందిన ఇతర భారతీయుల్లో చాలామందికీ అది ఊడింది. 1946లో తలుపు కొద్దిగా తెరిచారు, ఏడాదికి వందమందికి. 1965 చట్టంతో బాగా తెరుచుకుంది. ఆ తలుపులోంచి వెళ్లినవాళ్లే అమెరికా తెలుగువాళ్లు. 2025 జనవరిలో తాత్కాలిక వీసాల మీద ఉన్నవాళ్ల పిల్లలకు పుట్టుక పౌరసత్వం చెల్లదని అధ్యక్షుడు ఉత్తర్వు ఇచ్చి, కోర్టులు అడ్డుపడ్డప్పుడు, 1868 నాటి సవరణ మన ఇళ్ల వీడియో కాల్ కబుర్లలోకి వచ్చింది. కడుపుతో ఉన్న కోడలి కోసం అమెరికా రాజ్యాంగం గురించి వాకబు చేసే అత్తగార్లు ఉంటారని ఏ రాజనీతి శాస్త్రమూ ఊహించి ఉండదు.

ఇక మన నేలకు వద్దాం.

1802లో కుంపిణీ ప్రభుత్వం శాశ్వత శిస్తు పద్ధతి పెట్టి జమీందార్లకు సన్నదులు రాసిచ్చింది. టెక్కలి, తర్లా, మందస ఈ లెక్కలోవే. ఆ కాగితంతో ఇక్కడి రైతు ఫలానా ఎస్టేటు మనిషి అయ్యాడు. 1908లో ఎస్టేటు భూముల చట్టం వచ్చి రైతుకు జిరాయితీ హక్కు ఉందని ఒప్పుకుంది. కాగితం మీద ఉంది, కల్లంలో లేదు. 1937లో ఇచ్ఛాపురంలో మొదలైన రైతు రక్షణ యాత్ర కాలినడకన మద్రాసు దాకా వెళ్లింది. అప్పటి రెవెన్యూ మంత్రి టంగుటూరి ప్రకాశం నాయకత్వంలో ఒక సంఘం ఎస్టేటులు తిరిగి, భూమికి అసలు యజమాని రైతేనని 1938లో తేల్చింది. అది చట్టంగా మారకముందే 1939లో మంత్రివర్గం రాజీనామా చేసి దిగిపోయింది.

తర్వాతి మార్చిలో, 1940లో, అఖిల భారత కిసాన్ సభ మహాసభలు ఈ పలాసలోనే జరిగాయి. అధ్యక్షత వహించాల్సిన రాహుల్ సాంకృత్యాయన్‌ను ముందే అరెస్టు చేశారు. సభలు ముగిసిన కొద్ది రోజులకే మందస అడవి అంటుకుంది. వంటచెరుకు, నాగలి కర్ర, పశువుల మేత, ఈ మూడింటి కోసం రైతు అడవిలోకి వెళ్లాలి. అడవి జమీందారుదన్నారు. తరతరాలుగా మాదన్నారు రైతులు, వెళ్లి కలప కొట్టుకొచ్చారు. ఏప్రిల్ 1న గుడారి రాజమణిపురంలో పోలీసులు రైతులను పట్టుకుపోతుంటే ఆడవాళ్లు అడ్డం నిలిచారు. వాళ్ల ముందున్నది సాసుమాన గున్నమ్మ, నిండు గర్భిణి. కాల్పుల్లో ఆమె, మరికొందరు అక్కడే పడిపోయారు. వీరగున్నమ్మగా ఆమెను మనం ఎరుగుదుం. కానీ మన వ్యాసాలు ఆమెను తల్లిగా, త్యాగమూర్తిగానే చూపిస్తాయి. ఆమె హక్కుదారు కూడా. అడవి మీద రైతుకు హక్కుందని వాదించినవాళ్ల తరఫున నిలబడి చచ్చిపోయింది. ఎస్టేటుల రద్దు చట్టం 1948లో వచ్చింది. దాని పీఠికలో ఆమె పేరు ఉండదు. ఉండాల్సింది అని నేనంటాను.

సరిహద్దు గీత సంగతి క్లుప్తంగా చెప్పి దాటేస్తాను. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడ్డప్పుడు గంజాం జిల్లా చీలింది. బరంపురం, పర్లాకిమిడి అటు పోయాయి. మనం విశాఖపట్నం జిల్లాలో కలిశాం. శ్రీకాకుళం జిల్లా పుట్టింది 1950లోనే. గిడుగు రామమూర్తి పంతులు ఆ గీతను ఒప్పుకోలేక పర్లాకిమిడి విడిచి రాజమండ్రి వెళ్లిపోయారు. తెలుగు, ఒడియా రెండూ మాట్లాడే మనిషిని చట్టం ఒక రాత్రిలో ఒక భాషవాణ్ని చేసింది. ఇటు సోంపేట, ఇచ్ఛాపురం ఇళ్లలో ఆ రెండో భాష ఇంకా పోలేదు.

1967లో రెండు ఘటనలు జరిగాయి. ఫిబ్రవరి 27న సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి, రాజమండ్రి మనిషి కోకా సుబ్బారావు గోలక్‌నాథ్ కేసులో తీర్పు చెప్పారు. ప్రాథమిక హక్కులను పార్లమెంటు సవరణతో కూడా తగ్గించజాలదన్నారు. పాత లావాదేవీలను కదపకుండా తీర్పును ఇక ముందుకే వర్తింపజేసే సూత్రాన్ని అమెరికా న్యాయశాస్త్రం నుంచి తెచ్చుకున్నారు. అప్పుడు ఆస్తి కూడా ప్రాథమిక హక్కే. అదే ఏడాది అక్టోబరు 31న ఏజెన్సీలోని లేవిడి దగ్గర సభకు వెళుతున్న ఇద్దరు గిరిజనులను భూస్వాముల మనుషులు కాల్చి చంపారు. ఏజెన్సీలో గిరిజనుల భూమి బయటివాళ్లకు పోకూడదని 1917 నుంచీ చట్టం ఉంది. యాభై ఏళ్లు ఉంది. ఉన్నా భూములు పోయాయి, కేసులో నిందితులు విడుదలయ్యారు, ఆ తర్వాత సాయుధ పోరాటంతో ఈ జిల్లా ఏమైందో మీకు నేను చెప్పక్కర్లేదు. ఢిల్లీలో ఆస్తి హక్కుకు అంత కాపలా కాసిన రాజ్యాంగం కొండ మీద భూమి హక్కును పట్టించుకోలేకపోయింది. చట్టం తమదని జనం నమ్మే దారులు మూసుకుపోతే ఏమవుతుందో దీనికి మించిన పాఠం వేరే లేదు. కాళీపట్నం రామారావు మాస్టారి 'యజ్ఞం' వచ్చింది కూడా ఆ దశాబ్దంలోనే. అప్పల్రాముడి అప్పు మీద జరిగే ఆ పంచాయితీలో పోలీసు లేడు, వకీలు లేడు. లెక్కలన్నీ సవ్యంగానే ఉంటాయి, ఎవరూ దౌర్జన్యం చెయ్యరు. న్యాయం మాత్రం జరగదు. మన న్యాయ కళాశాలల్లో ఆ కథను పాఠంగా పెట్టాలని నా కోరిక.

రాజ్యాంగం అరువు సరుకు, మన మట్టిది కాదు అనేవాళ్లు ఇంకా ఉన్నారు. జీడితోటల ఉద్దానంలో నిలబడి ఆ మాట అనడం కష్టం. జీడిమామిడి బ్రెజిల్ నుంచి వచ్చిన చెట్టు.

సోంపేట బీల అనే చిత్తడి నేల గురించి చెప్పకుండా ఈ ఉపన్యాసం ముగించలేను. రికార్డుల్లో అది పనికిరాని బంజరు. అక్కడివాళ్లకు చేపలు, చాపలకు తుంగ, పశువులకు మేత, ఎత్తిపోతలకు నీళ్లు. థర్మల్ కేంద్రం వస్తుందన్నప్పుడు రైతులు, మత్స్యకారులు చట్టం తమకిచ్చిన బహిరంగ విచారణలో నిలబడి వద్దన్నారు. నిరాహార దీక్షలకు కూర్చున్నారు, ఢిల్లీలోని పర్యావరణ అప్పిలేట్ అథారిటీ దాకా వెళ్లారు. 2010 జులై 14న పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. ఆ వెంటనే అథారిటీ పర్యావరణ అనుమతిని కొట్టేసింది. తుపాకీ తూటా, ఉత్తర్వు కాగితం వెనకాముందుగా వచ్చాయి. మరుసటి ఫిబ్రవరిలో కాకరాపల్లి తంపర భూముల దగ్గర, మరో థర్మల్ కేంద్రం గొడవలో, మళ్లీ కాల్పులు. మందసనూ సోంపేటనూ పక్కపక్కన పెడితే నన్ను ఆపి ఆలోచింపజేసేది ఒకటే. 1940లో మందస రైతు జమీందారును ఎదిరించాడు. సోంపేట మత్స్యకారుడు బంజరు అన్న మాటకు ఆధారం చూపించమన్నాడు. ఎస్టేటు మనిషి పౌరుడు అయ్యాడనడానికి నాకు ఇంతకన్నా రుజువు అక్కర్లేదు.

కనుక పరిశోధక విద్యార్థులకు, రచయితలకు ఒక విన్నపం. ఉద్దానం ఇళ్లలో ట్రంకు పెట్టెల అడుగున ఎస్టేటు నాటి శిస్తు రసీదులు, జిరాయితీ పట్టాలు, తాతలు వేయించిన దావాల నకళ్లు ఇంకా ఉన్నాయి. చెదలు తినేస్తున్నాయి. గాలివానలు ఎన్ని పట్టుకుపోయాయో లెక్క లేదు. శ్రీకాకుళంలో కథానిలయం కథలను సేకరించి దాచినట్టు ఈ కాగితాలను దాచే చోటు ఒకటి పలాసలోనో టెక్కలిలోనో కావాలి. భవనం వచ్చేదాకా ఆగొద్దు. మీ ఇంట్లో పెట్టె తెరవండి, దొరికిన ప్రతి కాగితానికీ ఫోనులో ఫొటో తీయండి, అది ఏ ఊరిదో, ఎవరి పొలానిదో పెద్దవాళ్లను అడిగి రాసిపెట్టండి. వచ్చే సదస్సుకు వాటిని తీసుకురండి.