వార్తల ఖర్చు ఎవరు భరిస్తారు?



అమెరికాలో ఒకప్పుడు టీవీ వార్తలంటే మూడే నెట్‌వర్కులు. సీబీఎస్, ఎన్‌బీసీ, ఏబీసీ. 1963 నవంబరులో అధ్యక్షుడు కెన్నెడీ మరణవార్త చదివింది సీబీఎస్‌లో వాల్టర్ క్రాంకైట్. చదువుతూనే కళ్లజోడు తీశారు, గడియారం వంక చూశారు, ఒక్క క్షణం ఆయనకు గొంతు పెగల్లేదు. ఆ క్షణాన్ని చూసినవాళ్లు జీవితాంతం మరచిపోలేదు.

అప్పట్లో వార్తా విభాగం లాభాలు తేవాలని ఎవరూ పట్టుబట్టేవారు కాదు. డబ్బు వినోద కార్యక్రమాలు తెచ్చేవి. ప్రజల సొత్తైన ప్రసార తరంగాలు వాడుకుంటున్నందుకు వార్తలు ఒక బాధ్యత, అంతే.

తర్వాత లెక్క మారింది. 1980లో ఇరవై నాలుగు గంటల వార్తా చానల్ సీఎన్‌ఎన్ వచ్చింది. ఆ దశాబ్దం నడిమికి మూడు నెట్‌వర్కులూ కొత్త యజమానుల చేతికి వెళ్లాయి. వాళ్లు వార్తల్లోనూ లాభమెంత అని అడిగారు. 1987లో సీబీఎస్ వార్తా విభాగంలో రెండు వందల మందికి పైగా ఉద్యోగాలు పోయాయి. ఆపైన ఇంటర్నెట్ వచ్చి ప్రకటనల్ని లాగేసుకుంది.

బాగా కోత పడింది దేనికో తెలుసా? విదేశీ కార్యాలయాలకు. దూరాన విలేకరినీ కెమెరామన్‌నూ ఉంచడం ఖరీదైన పని. స్టూడియోలో నలుగురిని కూర్చోబెట్టి మాట్లాడించడం చవక. చవకైనదే మిగిలింది. నా దృష్టిలో అసలు నష్టం ఇదే.

ఈ రాత్రి మీ టీవీలో వార్తలు చూసేటప్పుడు ఒక్కటి గమనించండి. విలేకరి సంఘటన జరిగిన చోట ఉన్నారా, స్టూడియోలో ఉన్నారా? జరిగిన చోటుకు వెళ్లి చెప్పేవాళ్లనే ఎంచుకుని చూడండి.