మ్యాగజైన్లు చదవడానికి పెద్ద ట్యాబ్ కొంటున్నారా? ఇంచులు కాదు, వెడల్పు చూడండి

ట్యాబ్లెట్ల గురించి ఇంతకుముందు కూడా మాట్లాడుకున్నాం కానీ, అవన్నీ గేమ్స్ కోసం, సినిమాల కోసం, ఆన్‌లైన్ క్లాసుల కోసం. ఈ ఎపిసోడ్ పూర్తిగా వేరు. డిజిటల్ మ్యాగజైన్లు, పాత పత్రికల స్కాన్లు, ఈ-పేపర్లు చదవడానికి పెద్ద స్క్రీన్ ట్యాబ్ ఎలా ఎంచుకోవాలి, దాని గురించే చెబుతాను. ప్రాసెసర్ పేర్లు, బెంచ్‌మార్క్ స్కోర్లు వినాలనుకునేవాళ్లు ఇక్కడే స్కిప్ చేసేయొచ్చు, ఎందుకంటే ఈ పనికి వాటితో పెద్ద అవసరమే లేదు.

ముందు ఫోన్ సంగతి చూద్దాం. మీ చేతిలో ఉన్న 6.7 ఇంచుల ఫోన్‌ని నిలువుగా పట్టుకుంటే దాని స్క్రీన్ వెడల్పు సుమారు 70 మిల్లీమీటర్లు. ఒక ఏ4 పేజీ వెడల్పు 210 మిల్లీమీటర్లు. అంటే పేజీ మొత్తం కనపడేలా పెడితే అసలు సైజులో మూడో వంతుకి కుంచించుకుపోతుంది. చదవాలంటే జూమ్ చేయాలి, ఎడమ నుంచి కుడికి జరపాలి, లైను అయిపోగానే మళ్లీ ఎడమకి లాగాలి. ఒక పేజీ అయ్యేసరికి వేలు నొప్పి, కథ మీద ఆసక్తి కూడా పోతుంది.

"అన్నా, ఇంగ్లీష్ మ్యాగజైన్లు ఫోన్‌లోనే చదువుతున్నాం కదా" అని మీకు డౌట్ రావచ్చు. అక్కడే ఉంది అసలు విషయం. ఇంగ్లీష్ వాటిలో చాలావాటికి పేజీ వ్యూతో పాటు టెక్స్ట్ వ్యూ కూడా ఉంటుంది. వ్యాసం మీద నొక్కితే అక్షరాలు విడిగా వచ్చి, స్క్రీన్‌కి తగ్గట్టు సర్దుకుంటాయి. సైజు పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు. మన తెలుగు పత్రికల్లో చాలావాటికి ఆ అదృష్టం లేదు. డీటీపీలో ఏళ్ల తరబడి అను ఫాంట్స్ లాంటివి వాడారు. అవి యూనికోడ్ కావు. కంటికి "అమ్మ" అని కనిపిస్తున్నా, లోపల కంప్యూటర్‌కి అవి ఏవో ఇంగ్లీష్ అక్షరాలు, గుర్తులు మాత్రమే. అలాంటి పీడీఎఫ్‌లో ఒక పదం వెతికితే దొరకదు. ఒక పేరా కాపీ చేసి వాట్సాప్‌లో పేస్ట్ చేయండి, పిచ్చి గీతలు వస్తాయి. యాప్‌లో అక్షరాలు స్క్రీన్‌కి సర్దే ఆప్షన్ నొక్కినా అదే గతి. ఇక పాత సంచికల స్కాన్లయితే అసలు ఫొటోలే. అంటే తెలుగు పత్రిక చదవాలంటే పేజీని పేజీలాగే చూడాలి, వేరే దారి లేదు. అందుకే మనకి స్క్రీన్ సైజు అనేది ఇంగ్లీష్ పాఠకుల కంటే ఎక్కువ ముఖ్యం.

ఇంకోటి, మన లిపి. తెలుగు అక్షరం ఒక్కటే ఉండదు కదా, పైన గుడి, కింద ఒత్తు, ఒక్కోసారి రెండో ఒత్తు కూడా. ఆ ఒత్తు అసలు అక్షరం కంటే చిన్నది. పేజీ తగ్గినప్పుడు ముందు పోయేది అదే. గుడికీ గుడిదీర్ఘానికీ తేడా ఒక చిన్న మెలిక. "ద"కీ "ధ"కీ తేడా ఒక చిన్న గీత. అవి కనిపించకపోతే మెదడు ఊహించుకుని చదువుతుంది. ఒక పేజీకి పర్లేదు, నలభై పేజీలకి తలనొప్పి వస్తుంది.

సరే, ఇప్పుడు ఇంచుల లెక్క. షోరూంలో చెప్పే 11 ఇంచులు, 12.4 ఇంచులు అన్నీ మూల నుంచి మూలకి కొలత. పత్రిక చదివేవాడికి ఆ కొలత సగమే ఉపయోగం. కావల్సింది, ట్యాబ్‌ని నిలువుగా పట్టుకున్నప్పుడు దాని వెడల్పు ఎంత అని. అది స్క్రీన్ రేషియో మీద ఆధారపడుతుంది. ఆండ్రాయిడ్‌లో చాలా ట్యాబ్లు 16:10. ఇది సినిమాలకి బాగుంటుంది, నిలువుగా పట్టుకుంటే మాత్రం సన్నగా, పొడుగ్గా ఉంటుంది. ఐప్యాడ్లు 4:3కి దగ్గరగా ఉంటాయి. వన్‌ప్లస్ ప్యాడ్ 7:5, షావోమీ ప్యాడ్ 7 అయితే 3:2. ఏ4 పేజీ రేషియో సుమారు 1.41. అంటే 7:5 దానికి దాదాపు సరిగ్గా సరిపోతుంది.

ఒక చిన్న లెక్క గుర్తుపెట్టుకోండి, కొనేటప్పుడు మీ ఫోన్ క్యాలిక్యులేటర్‌లోనే చేసుకోవచ్చు. 16:10 స్క్రీన్ అయితే ఇంచుల్ని 13.5తో గుణించండి, వెడల్పు మిల్లీమీటర్లలో వచ్చేస్తుంది. 3:2 అయితే 14.1తో, 7:5 అయితే 14.8తో, 4:3 అయితే 15.2తో. ఉదాహరణకి సామ్‌సంగ్ ట్యాబ్ ఏ9 ప్లస్, 11 ఇంచులు, 16:10. వెడల్పు 148 మిల్లీమీటర్లు. ఏ4 పేజీ దాంట్లో 70 శాతం సైజులో కనిపిస్తుంది. ట్యాబ్ ఎస్9 ఎఫ్ఈ ప్లస్, 12.4 ఇంచులు. వెడల్పు 167, పేజీ దగ్గర దగ్గర 80 శాతం. ఇప్పుడు 7:5 ఉన్న వన్‌ప్లస్ ప్యాడ్ చూడండి, అది 11.6 ఇంచులే. కానీ వెడల్పు 171 వస్తుంది, పేజీ 80 శాతం పైనే కనిపిస్తుంది. చూశారా? ఇంచుల్లో చిన్నది, పేజీ చూపించడంలో దాదాపు ముక్కాలు ఇంచు పెద్దదానితో సమానం, ఒక పిసరు ఎక్కువ కూడా. 13 ఇంచుల ఐప్యాడ్ ఎయిర్‌లో వెడల్పు బోలెడంత ఉంటుంది కానీ అక్కడ ఎత్తు అడ్డొస్తుంది. అయినా పేజీ 88 శాతం వస్తుంది. 14.6 ఇంచుల సామ్‌సంగ్ అల్ట్రా మోడల్స్‌లో 93 శాతం. దాని గురించి మళ్లీ చెబుతాను, ఎందుకంటే దాన్ని చేత్తో పట్టుకోవాలి కదా.

ఈ శాతాలు వినగానే మీకు ఏమీ అర్థం కాకపోవచ్చు. 70కీ 80కీ తేడా ఎంత, అంత డబ్బు పెట్టడం అవసరమా అని. దీనికి పది, ఇరవై రూపాయల పరిష్కారం ఉంది. మీ వీధి చివర జిరాక్స్ షాపుకి వెళ్లండి. మీరు చదవాలనుకునే పత్రిక ఒకటి తీసుకెళ్లి ఒకే పేజీని 70 శాతానికి ఒకటి, 80కి ఒకటి, 88కి ఒకటి తగ్గించి తీయమనండి. ఏ4ని ఏ5 చేసే 71 శాతం సెట్టింగ్ చాలా జిరాక్స్ మెషీన్లలో రెడీగానే ఉంటుంది, 11 ఇంచుల ట్యాబ్‌కి అది చాలు. ఆ మూడు కాగితాలూ ఇంటికి తెచ్చి, ఎవరు చదవబోతున్నారో వాళ్ల చేతికి ఇవ్వండి. సాయంత్రం ట్యూబ్‌లైట్ కింద, మామూలుగా కూర్చునే చోట కూర్చుని చదవమనండి. ఏ కాగితం దగ్గర కళ్లు చిట్లించడం మానేశారో, అదే మీ ట్యాబ్ సైజు. ఏ రివ్యూ చూసినా ఇంత స్పష్టంగా తెలియదు. మీ పత్రిక ఏ4 కంటే చిన్నదైతే ఇంకా మంచిది. స్కేలు పెట్టి పేజీ వెడల్పు కొలవండి, స్క్రీన్ వెడల్పుని దాంతో భాగించండి, మీ శాతం వస్తుంది.

ఈ సలహా ఎవరి కోసమో చెబుతాను. మన సబ్‌స్క్రైబర్ ఒక తమ్ముడు మెసేజ్ పెట్టాడు. కొత్తగా ఉద్యోగం వచ్చింది, అమ్మకి ఏదైనా కొనివ్వాలి, 25 వేలు పక్కన పెట్టాడు. వాళ్లమ్మగారికి వారపత్రికల్లో సీరియల్స్ అంటే ప్రాణమట. విపుల, చతుర కూడా వదలకుండా చదివేవారట, అవి ఆగిపోయాయి. ఊళ్లో ఏజెంట్ కూడా వారపత్రికలు వేయడం మానేశాడు. ఫోన్‌లో చందా కట్టి ఇస్తే రెండు పేజీలు చూసి "నాకెందుకులే నాయనా" అని పక్కన పెట్టేశారట. 10 ఇంచులదా, 12 ఇంచులదా అని అతని ప్రశ్న.

తమ్ముడూ, ముందు అమ్మగారిని కళ్ల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లు. నలభై దాటాక దగ్గరి చూపు తగ్గడం మామూలే. పాత అద్దాలతో ఎంత పెద్ద స్క్రీన్ ఇచ్చినా ఆవిడ "నాకెందుకులే" అనే అంటారు, నీ 25 వేలు బీరువాలోకి వెళ్తాయి. కొత్త అద్దాలు వచ్చాక జిరాక్స్ పరీక్ష పెట్టు. 71 శాతం కాగితం హాయిగా చదివేస్తే 11 ఇంచులది చాలు, మిగిలిన డబ్బుతో మంచి స్టాండ్ కవర్, రెండేళ్ల చందా వచ్చేస్తాయి. చదవలేకపోతే 7:5 లేదా 3:2 స్క్రీన్ ఉన్నది చూడు, పాత మోడలైనా పర్లేదు. ఆఫర్లలో నీ బడ్జెట్‌కి దగ్గర్లోకి వస్తే సరే, రాకపోతే రెండు నెలలు ఆగు. 10 ఇంచుల కంటే తక్కువ మాత్రం వద్దు.

ఇక బరువు. దీన్ని ఎవరూ పట్టించుకోరు. ఏ9 ప్లస్ 480 గ్రాములు. 13 ఇంచుల ఐప్యాడ్ ఎయిర్ 617. ఎస్9 అల్ట్రా 732 గ్రాములు, దానికి కవర్ వేస్తే కిలో వైపు వెళ్తుంది. పడుకుని చదివే అలవాటు ఉన్నవాళ్లు ఆ కిలో ముఖం మీద పడితే ఎలా ఉంటుందో ఒక్కసారి ఆలోచించండి. 14 ఇంచులది టేబుల్ మీద స్టాండ్‌లో పెట్టి చదివేవాళ్లకే. నా లెక్కలో మ్యాగజైన్లకి 11.5 నుంచి 13 మధ్యది సరైన సైజు, 600 గ్రాములు దాటితే స్టాండ్ తప్పనిసరి.

రిజల్యూషన్ గురించి కొంచెం ఓపిగ్గా వినండి. పాత పత్రికలు చదవాలనుకునేవాళ్లకి ఇది ముఖ్యం. 1947 జులైలో మొదలైన చందమామ దగ్గర్నుంచి, ప్రెస్ అకాడమీ వాళ్లు డిజిటైజ్ చేసిన భారతి, ఆంధ్రపత్రిక లాంటి వాటి దాకా మనకి దొరికేవన్నీ స్కాన్లే. ఒక ఏ4 పేజీని 200 డీపీఐలో స్కాన్ చేస్తే దాని వెడల్పు సుమారు 1650 పిక్సెల్స్. మీ ట్యాబ్ 1920 బై 1200 అనుకోండి, నిలువుగా పెడితే వెడల్పులో 1200 పిక్సెల్సే ఉంటాయి. అంటే స్కాన్‌లో ఉన్న వివరం మొత్తం చూపించే చోటే స్క్రీన్‌లో లేదు. 2560 బై 1600 అయితే వెడల్పు 1600, దాదాపు సరిపోతుంది. అందుకే పాత స్కాన్లు ఎక్కువ చదివేవాళ్లు చిన్న అంకె 1600 ఉన్నదే తీసుకోండి. కొత్త పత్రికలు మాత్రమే అయితే 1200తో సర్దుకోవచ్చు. 10 ఇంచుల్లో 1280 బై 800 ఉన్న చవక ట్యాబ్లు ఇప్పటికీ ఆన్‌లైన్‌లో కనపడుతూనే ఉంటాయి, వాటి జోలికి వెళ్లొద్దు.

ర్యామ్ 4 జీబీ మినిమమ్, 6 ఉంటే హాయి. స్కాన్ పేజీ ఫైల్‌గా చిన్నదే, తెరిచినప్పుడు మెమరీలో ఉబ్బుతుంది. 300 డీపీఐ పేజీ ఒక్కటే దాదాపు 35 ఎంబీ తీసుకుంటుంది, యాప్ ముందు పేజీ, వెనక పేజీ కూడా రెడీగా పెట్టుకుంటుంది కదా. పేజీ తిప్పగానే కాసేపు మసకగా ఉండి తర్వాత స్పష్టం అవుతోందంటే ఇదీ ఒక కారణం. మెమరీ కార్డు స్లాట్ ఉంటే సంచికలన్నీ అందులో వేసుకోవచ్చు. ఐప్యాడ్‌లో ఆ స్లాట్ లేదు, కొనేటప్పుడే స్టోరేజ్ చూసుకోవాలి.

120 హెర్ట్జ్, నాలుగు స్పీకర్లు, వెనక కెమెరా, వీటికి ఒక్క రూపాయి కూడా అదనంగా పెట్టకండి. పేజీ నిమిషానికి ఒకసారి తిప్పుతాం, దానికి 120 హెర్ట్జ్ ఎందుకు?

ఈ-ఇంక్ సంగతి ఏంటని అడుగుతారు. కిండిల్ స్క్రైబ్ 10.2 ఇంచులు, 300 పీపీఐ, అక్షరం అచ్చు కాగితం మీద ఉన్నట్టే ఉంటుంది, కళ్లకి హాయి. కానీ 2022లో వచ్చిన ఆ మోడల్ నలుపు తెలుపే. నవలలకి బంగారం. చందమామ బొమ్మలు బూడిద రంగులో చూడటం నాకైతే మనసొప్పదు. కలర్ ఈ-ఇంక్ కూడా ఉంది. కెలైడో 3 అనే దాంట్లో నలుపు తెలుపు 300 పీపీఐ, రంగులు మాత్రం సగం, 150 పీపీఐ. రంగులు వెలిసిపోయినట్టుంటాయి. మీరు చదివేది సాహిత్య పత్రికలైతే ఆలోచించొచ్చు, సినిమా పేజీలు, వంటల పేజీలు అయితే వద్దు.

ట్యాబ్ ఉన్నవాళ్లకి, కొత్తది కొనకుండా ఒక చిట్కా. పేజీకి నాలుగు వైపులా ఉండే తెల్ల మార్జిన్ మనకి అక్కర్లేదు. రీడ్‌ఎరా, లిబ్రేరా లాంటి యాప్‌లలో మార్జిన్లు కత్తిరించే ఆప్షన్ ఉంటుంది. అటు 15, ఇటు 15 మిల్లీమీటర్లు పోతే 210 కాస్తా 180 అవుతుంది. అదే 11 ఇంచుల ట్యాబ్‌లో అక్షరం 70 శాతం నుంచి 82 శాతానికి పెరుగుతుంది. ఒక్క పైసా ఖర్చు లేకుండా ఇంకో సైజు పెద్ద ట్యాబ్ వచ్చినట్టే. కాకపోతే చందా యాప్‌ల లోపల చదివే పత్రికలకి ఇది పనిచేయదు, విడి పీడీఎఫ్‌లకే. కౌముది లాంటి వెబ్ మాసపత్రికలు పీడీఎఫ్‌లోనే ఇస్తారు కాబట్టి మొదట వాటి మీద ట్రై చేయండి.

పీడీఎఫ్ అనగానే టెలిగ్రామ్ గుర్తొస్తుంది, నాకు తెలుసు. ఈ వారం వచ్చిన పత్రిక ఈ వారమే అక్కడ ఫ్రీగా దొరుకుతుంది. పాతిక వేలు ట్యాబ్‌కి పెట్టి, పత్రికకి పది, ఇరవై రూపాయలు కట్టకపోవడం ఏం లెక్కో నాకు అర్థం కాదు. పైగా ఆ ఫైళ్లు సైజు తగ్గించడానికి బాగా కంప్రెస్ చేసి ఉంటాయి, ఒత్తుల చుట్టూ బూజులాగా కనిపిస్తుంది. మీ మంచి స్క్రీన్ దాన్ని ఇంకా స్పష్టంగా చూపిస్తుంది.

షాపుకి వెళ్లేటప్పుడు మీరు చదివే పత్రిక పీడీఎఫ్ ఒకటి గూగుల్ డ్రైవ్‌లో పెట్టుకెళ్లండి. అక్కడ డెమో ట్యాబ్‌లో ఎప్పుడూ రంగురంగుల వీడియో ఫుల్ బ్రైట్‌నెస్‌లో తిరుగుతుంటుంది, అది చూసి మోసపోవద్దు. వీడియో ఆపించండి, బ్రైట్‌నెస్ సగానికి తగ్గించండి, మీ పీడీఎఫ్ తెరవండి. జూమ్ చేయకుండా, అద్దాలు ఉంటే పెట్టుకుని, ఒక పేజీ పూర్తిగా చదవండి. పైనున్న లైట్ స్క్రీన్‌లో ఎంత ప్రతిబింబిస్తుందో చూడండి. ఐదు నిమిషాలు ఎడమ చేత్తో పట్టుకునే ఉండండి. సేల్స్‌మన్ "సార్, ప్రాసెసర్ చూడండి సార్" అంటూనే ఉంటాడు, అననివ్వండి. మణికట్టు లాగడం మొదలైతే అదే మోడల్‌లో చిన్నది అడగండి, లేదా స్టాండ్ కవర్ ధర కలిపి లెక్క వేసుకోండి.

మీ పత్రిక పేజీ వెడల్పు, మీ బడ్జెట్ రెండూ కామెంట్‌లో పెట్టండి, ఏ ట్యాబ్‌లో ఎంత శాతం వస్తుందో లెక్కేసి రిప్లై ఇస్తాను. ఉంటాను మరి.